వెదురు ముక్కలతో అడవిని లెక్కపెట్టిన బ్రాండిస్ దొర

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు రెండు మూడుసార్లు గుర్తు చేశారు. నేను పండితుణ్ణి కాను. ముప్పయ్యారేళ్లు అటవీ శాఖ కార్యాలయాల్లో రిజిస్టర్లు, బిల్లులు, ఫైళ్లు చూసుకుని 2007లో రిటైరైన గుమాస్తాను. నా కలానికి అలవాటైనది నోట్ ఫైల్ భాషే. తప్పులుంటే పాఠక మిత్రులు మన్నించాలని మనవి.

నేను రాయబోయేది ఒక జర్మన్ పెద్దమనిషి జీవితం. పేరు డీట్రిష్ బ్రాండిస్. భారతదేశపు మొట్టమొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్ ఆయనే. అడవుల మీద పుస్తకాలు రాసినవారు ఆయన చేసిన చట్టాల గురించి, పెట్టిన బడి గురించి ఎక్కువగా చెబుతారు. నాకు మాత్రం ఆయన చేసిన ఒక లెక్క ముఖ్యమని తోస్తుంది. ఎందుకంటే లెక్క విషయంలో నా మనసులో కూడా ఒక ముల్లు ఉండిపోయింది. దాని సంగతి చివర చెబుతాను.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి గిన్నె అంతా వెతకనక్కరలేదు, ఒక్క మెతుకు పట్టుకుని చూస్తే చాలునని మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చదువుకున్నవారు దీన్నే శాంపిల్ సర్వే అంటారు. గిన్నెడు అన్నానికి సరే, వేల చదరపు మైళ్ల అడవికి ఆ మెతుకు ఎక్కడ పట్టుకోవాలి? ఈ ప్రశ్నకు 1856లో బర్మా అడవుల్లో ఏనుగు మీద తిరుగుతూ జవాబు వెతికిన మనిషి బ్రాండిస్.

ఆయన 1824 మార్చి 31న జర్మనీలోని బాన్ నగరంలో పుట్టారు. తండ్రి క్రిస్టియన్ ఆగస్ట్ బ్రాండిస్ అక్కడి విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్ర ఆచార్యుడు. గ్రీసు దేశపు రాజుగారికి సలహాదారుగా తండ్రి ఏథెన్స్ వెళ్లినప్పుడు కుమారుడూ కొంతకాలం అక్కడ గడిపాడు. తరువాత కోపెన్‌హేగన్, గొట్టింగెన్, బాన్ నగరాల్లో చదువుకుని 1848లో డాక్టరేట్ పొందారు. మరుసటి ఏడాది నుంచి బాన్‌లోనే వృక్షశాస్త్రం బోధించడం మొదలుపెట్టారు. అలాగే సాగితే పుస్తకాల మధ్య ఒక ప్రొఫెసరుగా జీవితం గడిచిపోయేది.

ఆయనను మన వైపు తిప్పింది వివాహం. 1854లో ఆయన రేచల్ అనే ఆమెను పెళ్లాడారు. ఆమె బెంగాల్‌లోని శ్రీరాంపూర్ మిషనరీ జాషువా మార్ష్‌మన్ కుమార్తె. మొదటి భర్త డేనిష్ వృక్షశాస్త్రజ్ఞుడు వాయిట్, 1843లో చనిపోయారు. ఆమె అక్కచెల్లెళ్లలో ఒకరు జనరల్ హేవ్‌లాక్ భార్య. ఈ బంధుత్వం ద్వారా బ్రాండిస్ పేరు గవర్నర్ జనరల్ డల్హౌసీ చెవిన పడింది. సిఫార్సు లేకుండా ఉద్యోగం రావడం ఆ రోజుల్లోనూ కష్టమేనన్నమాట. అయితే వచ్చిన ఉద్యోగానికి తగిన మనిషి దొరకడం మాత్రం అదృష్టం.

అప్పటి పరిస్థితి కొంచెం చెప్పాలి. మన పాత ఇళ్ల ద్వారబంధాలు, పందిరి మంచాలు బర్మా టేకువని గర్వంగా చెప్పుకుంటాం. కోస్తా జిల్లాల నుంచి రంగూన్ రేవుకు, మిల్లులకు కూలికి వెళ్లిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. ఆ టేకు కోసమే బ్రిటిష్ వారు బర్మా అడవుల మీద కన్నేశారు. ఓడలు కట్టడానికి దాన్ని మించిన కలప లేదు. 1826లో తెనాసెరిం ప్రాంతం వారి చేతికి వచ్చింది. అక్కడి అడవులను వర్తకులకు వదిలేశారు. ఎవరికి వీలైనంత వారు నరికారు. పాతికేళ్లు తిరిగేసరికి నదుల పక్కన మంచి టేకు కరువైంది. 1852లో పెగూ ప్రాంతం కూడా కలిసింది. ఈసారి అలా జరగకూడదనుకున్నారు. అక్కడి అడవుల సూపరింటెండెంటు డాక్టర్ మెక్‌క్లెలాండ్ పంపిన నివేదిక మీద డల్హౌసీ ప్రభుత్వం 1855 ఆగస్టు 3న ఒక ఉత్తర్వు ఇచ్చింది. పెగూలోని టేకు ప్రభుత్వ ఆస్తి అని అందులోని సారాంశం. దేశంలో అటవీ విధానానికి అదే తొలి పత్రమని అంటారు.

ఉత్తర్వు రాయడం తేలిక. అడవిలో ఎంత టేకు ఉంది, ఏటా ఎంత నరకవచ్చు? ఈ రెండు అంకెలు లేకపోతే ఆ కాగితానికి విలువ లేదు. వర్తకులేమో టేకు తరగని గని అనేవారు. కాదనడానికి ఎవరి దగ్గరా లెక్క లేదు. ఆ సమయంలో, 1856 జనవరిలో, ముప్పై ఒక్క ఏళ్ల బ్రాండిస్ పెగూ టేకు అడవుల సూపరింటెండెంటుగా బర్మాలో దిగారు.

ఉష్ణమండలపు అడవి జర్మనీ అడవి లాంటిది కాదు. అక్కడ ఒకే జాతి చెట్లు, వరుసగా, లెక్కగా ఉంటాయి. బర్మా కొండల్లో రకరకాల చెట్లు, వెదురు పొదలు కలగాపులగంగా పెరుగుతాయి. టేకు వాటి మధ్య ఒకచోట గుంపుగా, మరొకచోట అక్కడక్కడా, ఇంకొకచోట అసలే లేకుండా ఉంటుంది. ప్రతి చెట్టునూ లెక్కపెట్టాలంటే జీవితకాలం చాలదు. పటాలు లేవు, దారులు లేవు, తోడు వచ్చే సిబ్బంది కొద్దిమందే. అందుకని ఆయన ఒక ఉపాయం పన్నారు.

ఏనుగు మీద కూర్చుని గుట్టల వెన్నుల వెంబడి, కాలిబాటల వెంబడి, వాగుల వెంబడి ఒక వరుసగా ప్రయాణం చేసేవారు. దారికి అటూ ఇటూ కంటికి స్పష్టంగా కనిపించినంత మేర ఉన్న ప్రతి టేకు చెట్టునూ లెక్కలోకి తీసుకునేవారు. తడిసిన అడవిలో కాగితం మీద రాయడం కుదిరేపని కాదు. అందుకు నాలుగు వెదురు ముక్కలు చేతబట్టారు. కుడిచేతిలో కత్తి. చెట్టు కనిపించగానే దాని చుట్టుకొలత ఏ తరగతిదో చూసి ఆ తరగతి వెదురు మీద ఒక గాటు పెట్టడం. చుట్టుకొలత 6 అడుగులు, అంతకు మించితే మొదటి తరగతి. నాలుగున్నర నుంచి 6 అడుగుల లోపు రెండవ తరగతి. ఒకటిన్నర నుంచి నాలుగున్నర వరకు మూడవ తరగతి. అంతకన్నా చిన్నవి నాలుగవది.

విడిది చేరాక గాట్లు లెక్కపెట్టుకునేవారు. నడిచిన దూరాన్ని, కనిపించిన వెడల్పుతో గుణిస్తే చూసిన విస్తీర్ణం వస్తుంది. అంత విస్తీర్ణంలో ఇన్ని చెట్లుంటే మొత్తం అడవిలో ఎన్ని ఉండవచ్చు? చాకలి పద్దు రాసినవాడు కూడా వేయగల త్రైరాశికం. ఉష్ణమండలపు అడవి కలపను నమూనా ద్వారా అంచనా కట్టిన తొలి ప్రయత్నాల్లో దీన్ని ముందుగా చెబుతారు.

ఇక రెండవ అంకె. ఏటా ఎంత నరకవచ్చు? దీనికి ఆయన వేసిన లెక్క మన పెన్షనర్లకు బాగా అర్థమవుతుంది. టేకు పెరుగుదలను పరిశీలించి, రెండవ తరగతి చెట్టు మొదటి తరగతిలోకి ప్రమోషన్ పొందడానికి 24 ఏళ్లు పడుతుందని అంచనాకు వచ్చారు. కాబట్టి ఇప్పుడున్న మొదటి తరగతి చెట్లలో ఏటా 24వ వంతు మాత్రమే నరకాలి. ఉదాహరణకు ఒక అడవిలో మొదటి తరగతి చెట్లు 24,000 ఉన్నాయనుకుందాం. ఏటా 1,000 తీస్తే 24వ ఏట అవి అయిపోతాయి. కానీ ఈలోగా రెండవ తరగతివి వచ్చి ఆ ఖాళీలు నింపుతాయి. వాటి వెనుక మూడవ తరగతి సిద్ధంగా ఉంటుంది. రిటైర్మెంటు డబ్బు బ్యాంకులో వేసుకుని, వడ్డీతో ఇల్లు నడుపుకుంటూ అసలు ముట్టుకోని సంసారి లెక్క ఇదే. రెండవ తరగతిలో చెట్లు తక్కువ ఉన్నాయని తేలితే కోతను ఇంకా తగ్గించుకోవాలి. అందుకే ఆయనకు నాలుగు వెదురు ముక్కలు కావలసి వచ్చాయి. పెద్ద చెట్లే లెక్కపెట్టినవాడికి ఈ ఏటి ఆదాయం తెలుస్తుంది. పిల్ల చెట్లను కూడా లెక్కపెట్టినవాడికే మనవళ్ల కాలం తెలుస్తుంది.

6 అడుగుల చుట్టుకొలత లేని చెట్టు జోలికి ఎవరూ పోరాదని నియమం పెట్టారు. పచ్చి టేకు నీటిలో తేలదు. అందుకని కాండం చుట్టూ బెరడు, దాని లోపలి తెల్లచేవ తెగేలా గాడి కొట్టి రెండు మూడేళ్లు నిలువునా ఎండనిస్తారు. తరువాత నరికి, ఏనుగులతో వాగుల్లోకి లాగించి, నదుల మీద తెప్పలు కట్టి రేవుకు చేరుస్తారు. గాడి కొట్టే చెట్టును శాఖ సిబ్బందే ఎంచేలా చేస్తే కోత అదుపులో ఉంటుంది. బ్రాండిస్ తాళం వేసింది అక్కడే.

వర్తకులు ఊరుకోలేదు. రంగూన్, మౌల్మీన్ కలప వ్యాపారులు పైవారికి అర్జీలు పెట్టారు. అడవిని తమకు వదిలేయాలని ఒత్తిడి తెచ్చారు. అంతకు ముందు ఇలాంటి గొడవలు వచ్చినప్పుడు అధికారుల దగ్గర అభిప్రాయం తప్ప ఆధారం ఉండేది కాదు. ఈసారి బ్రాండిస్ దగ్గర అంకె ఉంది. ఆ అంకె ఎలా వచ్చిందో ఎవరికైనా చూపగలిగే పద్ధతి ఉంది. కాదన్నవాడు ఏనుగెక్కి ఆ దారినే వెళ్లి మళ్లీ లెక్కపెట్టుకోవచ్చు.

ఆ లెక్కలో లోపం లేదా అంటే, ఉంది. ఈ వ్యాసం రాసేటప్పుడు స్టాటిస్టిక్స్ చదువుతున్న మా మనవరాలికి చూపించాను. చదివి ఆ పిల్ల, తాతయ్యా, ఆయన దారి ఉన్నచోటే నడిచాడు కదా, దారి లేనిచోట అడవి వేరుగా ఉంటే ఎలా అంది. సరైన ప్రశ్న. టేకుకు నీరు నిలవని నేల ఇష్టం. గుట్ట వెన్ను మీద ఒకలా, తడి లోయలో మరొకలా ఉంటుంది. ఏనుగు పోగలిగినచోటే చూస్తే, చూడని చోటు గురించి తప్పు అంచనా రావచ్చు. పైన పట్టుకున్న మెతుకు అడుగున అన్నం మాడిన సంగతి చెప్పదు. ఎన్ని మెతుకులు చూసినా అన్నీ పైవే అయితే లాభం లేదు. గరిటె అడుగుదాకా పోవాలి.

తరువాతి తరాల వారు ఈ లోపాన్నే సరిదిద్దుకుంటూ వచ్చారు. మొదట దారి ఎటు పోయినా సరే, దిక్సూచి పట్టుకుని ఒకే దిశలో, సమాన దూరాల్లో పట్టీలు కొట్టి లెక్కించారు. ఇరవయ్యవ శతాబ్దంలో మనిషి ఇష్టాయిష్టాలకు తావు లేకుండా చీటీలు తీసినట్టు చోట్లు ఎంచుకునే యాదృచ్ఛిక పద్ధతి వచ్చింది. మన దేశంలో 1931లో మహలనోబిస్ గారు స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పంటల సర్వేల్లో దీన్ని నిలబెట్టింది. దీనివల్ల ఇంకో మేలు జరిగింది. అంచనాలో తప్పు ఎంత ఉండవచ్చో కూడా ముందే చెప్పగలిగారు. అడవుల విషయంలో 1965లో మొదలైన ప్రీ ఇన్వెస్ట్‌మెంట్ సర్వే 1981లో ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియాగా మారింది. 1987 నుంచి దేశపు అడవుల నివేదికలు వెలువడుతున్నాయి. ఉపగ్రహం పైనుంచి ఫొటో తీసినా, చెట్టు చుట్టూ టేపు వేసి కొలిచే మనిషి నేల మీద పోక తప్పదు. సుమారు పావు ఎకరం ప్లాట్లు కట్టి చెట్లు కొలిచారు. ఆ మనిషి బ్రాండిస్ ఏనుగుకు వారసుడే.

మళ్లీ ఆయన జీవితంలోకి వస్తాను. బర్మా కొండల్లో కరెన్ జాతివారు మన ఏజెన్సీ గిరిజనుల పోడు వంటి సేద్యం చేసేవారు. దానిని టౌంగ్యా అంటారు. బ్రాండిస్ వారిని వెళ్లగొట్టే బదులు, కొండవరితో పాటు టేకు మొక్కలు నాటించే ఏర్పాటు చేశారు. పంట వారిది, చెట్టు ప్రభుత్వానిది. ఈ పద్ధతి తరువాత ఎన్నో దేశాలకు పాకింది.

1862లో ఆయనను ఇతర రాష్ట్రాల అడవుల ఏర్పాటు కోసం భారత ప్రభుత్వం పిలిపించింది. 1863లో భార్య రేచల్ కాలం చేశారు. 1864 నవంబర్ 1న ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. 1867లో కాథరీనా హాసేను పునర్వివాహం చేసుకున్నారు. పందొమ్మిదేళ్లు ఆ పదవిలో ఉండి పంజాబు నుంచి మద్రాసు వరకు అడవులన్నీ తిరిగారు. ష్లిక్, రిబెన్‌ట్రాప్ అనే ఇద్దరు జర్మన్ యువకులను తెచ్చి తయారు చేశారు. ఇద్దరూ ఆయన తరువాత ఒకరి వెనుక ఒకరు అదే కుర్చీలో కూర్చున్నారు. 1874లో వాయవ్య, మధ్య భారత వృక్షజాతుల మీద పెద్ద గ్రంథం వెలువరించారు. 1878లో డెహ్రాడూన్‌లో ఫారెస్టు స్కూలు స్థాపించారు. మనలో ఎంతోమంది రేంజర్లు శిక్షణ పొందినది ఆ ఊళ్లోనే కదా.

మన ప్రాంతానికీ ఆయనకూ సూటి సంబంధం ఉంది. 1881లో ఆయనను మద్రాసు ప్రెసిడెన్సీకి పంపారు. ఇక్కడి సర్కారు జిల్లాలు, రాయలసీమ అప్పుడు అందులోవే. ఆ మరుసటి ఏడాదే మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ప్రెసిడెన్సీ అడవుల మీద ఆయన సూచనల పుస్తకం 1883లో అచ్చయింది. ఆంధ్ర ప్రాంతంలో 1967లో మన సొంత చట్టం వచ్చేదాకా ఆ 1882 చట్టమే నడిచింది. నేను ఉద్యోగంలో చేరిన 1971లో కూడా పాత ఫైళ్లలో దాని సెక్షన్ నంబర్లే కనిపించేవి.

మంచి చెప్పినప్పుడు రెండవది కూడా చెప్పాలి. ఆ చట్టాల కింద రిజర్వు అడవులు గీశారు. కట్టెపుల్లకు, మేతకు, పోడుకు అడ్డంకులు వచ్చాయి. మన్యంలో గిరిజనులు పడిన బాధలు 1922లో అల్లూరి సీతారామరాజు గారి తిరుగుబాటుకు ఒక కారణం. గ్రామాలకు అడవుల మీదున్న హక్కులను గుర్తించాలని, ఊరికో అడవి ఉండాలని బ్రాండిస్ వాదించారు. సర్వహక్కులూ ప్రభుత్వానివేనన్న బేడెన్ పావెల్ పక్షమే 1878 చట్టంలో చాలావరకు నెగ్గింది. అయినా ఆ వ్యవస్థకు పెద్ద ఆయనే కనుక బాధ్యత లేదనలేము. ఆయన నాలుగు వెదురుల మీద టేకు చెట్లకు గాట్లు పడ్డాయి గాని, ఆ అడవిని నమ్ముకున్న మనుషుల అవసరాలకు ఐదవ వెదురు లేకపోయింది.

1883లో రిటైరై బాన్ వెళ్లారు. 1887లో సర్ బిరుదు వచ్చింది. రిటైర్మెంటు తరువాత ఆయన గడిపిన జీవితం మనవంటివారు ప్రత్యేకంగా గమనించదగ్గది. ఇండియాకు రాబోయే యువ అధికారులను వెంటబెట్టుకుని ఐరోపా అడవులు చూపించేవారు. గిఫర్డ్ పించో అనే అమెరికన్ యువకుడు సలహా కోసం వస్తే చేరదీసి దారి చూపారు. ఆ యువకుడే 1905లో అమెరికా అటవీ సర్వీసుకు మొదటి అధిపతి అయ్యాడు. వృద్ధాప్యంలో మళ్లీ చెట్ల నమూనాలు ముందేసుకుని భారతదేశపు వృక్షాల మీద ఇంకో మహాగ్రంథం రాశారు. అది 1906లో వెలువడే నాటికి ఆయనకు 82 ఏళ్లు. మరుసటి ఏడాది మే 28న పుట్టిన ఊళ్లోనే కన్నుమూశారు. బర్మాలో దొరికే ఒక పొదల ప్రజాతికి బ్రాండిసియా అని, ఒక పెద్ద వెదురుకు బ్రాండిసై అని శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టారు. వెదురు మీద లెక్క రాసిన మనిషికి వెదురులోనే పేరు మిగలడం తగినట్టుగానే ఉంది.

ఇక నా ముల్లు సంగతి. 1970ల చివర ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా ఉన్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను. అడవిలో ప్లాట్లు కట్టి చెట్లు కొలిచిన రిజిస్టరు ఒకటి నా సీటుకు వచ్చింది. కూడికలు సరిచూడటం నా పని. కూడికలన్నీ సరిగానే ఉన్నాయి. కానీ నలభై ప్లాట్లలోనూ చెట్లు 17, 18, 17, 18 అనే వరసే. అంతా ఒకే సిరా, ఒకే చేతివ్రాత. ఒక్క మట్టి మరక లేదు, ఒక్క కొట్టివేత లేదు. అడవి నుంచి వచ్చిన రిజిస్టరు అంత శుభ్రంగా ఉండదని అప్పటికే నాకు తెలుసు. వివరణ కోరుతూ ఒక స్లిప్పు రాశాను. పక్క సీటు పెద్దాయన చూసి, అంకెలు కూడటం వరకే మన ఉద్యోగం, అడవికి పోయారో లేదో మనకెందుకన్నారు. ఇంట్లో చంటిపిల్ల ఉంది, ఉద్యోగం కొత్త. స్లిప్పు చింపేసి, సరిచూడబడినది అని సంతకం చేశాను.

కొన్నేళ్ల తరువాత ఆ కూపులో కోత జరిగింది. కాగితం మీద ఉన్న కలప అడవిలో లేదు. లోటు పూడ్చడానికి ఎదిగీ ఎదగని చెట్లు కూడా కొట్టారు. డిపోలో లారీ దిగుతుంటే చూశాను, నా తొడంత లావు కూడా లేని దుంగలు. బ్రాండిస్ లెక్కలో అవి మూడవ తరగతివి. ఇంకో నలభై యాభై ఏళ్లు నిలబడవలసినవి. వాటిని గొడ్డలి కన్నా ముందు నా సంతకమే నరికిందని ఆ రోజు అనిపించింది. ఎవరూ నన్ను అడగలేదు. మెమో రాలేదు, ఇంక్రిమెంటు ఆగలేదు. అందుకేనేమో ఇంకా గుర్తుంది.

బ్రాండిస్ లెక్క అసంపూర్ణం. అడవిలో చిన్న వంతు మాత్రమే చూశారు, అదీ దారి పక్కన. కానీ ఆయన ప్రతి గాటుకూ ఎదురుగా ఒక నిజమైన చెట్టు ఉంది. నేను సరిచూసిన రిజిస్టరులో నలభై ప్లాట్లూ నిండుగా ఉన్నాయి, ఒక్క చెట్టు లేదు. కొంచెమే చూసినా చూసిందే రాసినవాడి అంకెను తరువాతివారు సరిదిద్దుకోవచ్చు. చూడకుండా రాసిన అంకెను ఏ శాస్త్రమూ బాగుచేయలేదు.

మన పిల్లల్లో, మనవళ్లలో కొందరు ఇప్పుడు ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు కూర్చుని ఇలాంటి పట్టికలే సరిచూస్తున్నారు. వారికి ఈ ముసలి గుమాస్తా మాటగా ఒకటి చెప్పండి. అంకెలు మరీ శుభ్రంగా, మరీ ఒకేలా వస్తే ఒక స్లిప్పు రాయమనండి. రాసినది చింపవద్దనండి.